కాలువలో చెత్త – పడవకు గండం

జగ్గయ్యపేట పక్కన పాలేరు పారుతుంది. నందిగామ దగ్గర మునేరు పారుతుంది. ఈ రెండు ఏళ్లూ పోయి కృష్ణలో కలుస్తాయి. కృష్ణ విజయవాడ చేరుతుంది. అక్కడ ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు కాలువల్లోకి పోతాయి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ విజయవాడ ఊరి మధ్య నుంచే పారతాయి.

అంటే ఏంటి? మన ఊరి ఏటికీ, విజయవాడ కాలువకూ చుట్టరికం ఉంది. ఇక్కడ మనం నీళ్లలో వదిలిన వస్తువు ఇక్కడే ఉండదు. నీళ్లతోపాటు పోతుంది. ఎక్కడో ఒకచోట అడ్డం పడుతుంది.

అడ్డం పడితే ఏమవుతుంది? పడవ ఆగిపోతుంది. ఒక్కోసారి తిరగబడుతుంది. నీళ్లు కూడా ఆగిపోతాయి. ఆగిన నీళ్లు ఊళ్ల మీద పడతాయి. పడవకు అడ్డం వచ్చేదే వరదకూ అడ్డం వస్తుంది. ఈ సంగతి అందరూ తెలుసుకోవాలి.

పడవలు తిరిగిన కాలువలు

ఈ కాలువలు ఈనాటివి కావు. 1852లో విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టడం మొదలుపెట్టారు. 1855లో పని పూర్తయింది. కెప్టెన్ ఓర్ అనే ఇంజనీరు ఆ పని చేయించాడు. తర్వాత దాదాపు వందేళ్లకు, 1952లో, ఆ ఆనకట్టకు గండి పడింది. దాని దగ్గరే కొత్త బ్యారేజీ కట్టారు. అది 1957లో పూర్తయింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు దానికి పెట్టారు.

ఆనకట్ట నుంచి తవ్విన కాలువలు పొలాలకు నీళ్లు ఇచ్చాయి. అంతేకాదు, పడవలకు దారి కూడా ఇచ్చాయి. ఆ రోజుల్లో ఇప్పటిలా లారీలు లేవు. ధాన్యం పడవ మీద పోయేది. ఉప్పు పడవ మీద వచ్చేది. కట్టెలు పడవ మీద వచ్చేవి. మనుషులూ పడవ మీదే ప్రయాణం చేసేవాళ్లు. కాకినాడలో బయలుదేరిన పడవ గోదావరి కాలువల్లో వచ్చి, ఏలూరు కాలువలో విజయవాడ చేరేది. కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువలో పోయి, బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా వెళ్లేది.

పడవను గెడ వేసి నెట్టేవాళ్లు. గాలి బాగుంటే తెరచాప ఎత్తేవాళ్లు. లేకపోతే కాలువ గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. కాలువలో ఒకచోట నీళ్లు ఎత్తున ఉంటాయి. ఇంకోచోట పల్లంలో ఉంటాయి. అక్కడ లాకులు కట్టారు. లాకు అంటే పడవకు మెట్టు లాంటిది. రెండు వైపులా తలుపులు ఉంటాయి. పడవ లోపలికి వచ్చాక ఒక తలుపు మూస్తారు. లోపల నీటి మట్టం పెంచుతారు, లేదా తగ్గిస్తారు. రెండో తలుపు తీస్తారు. పడవ ముందుకు పోతుంది.

లాకు తలుపులో ఒక దుంగ ఇరుక్కుంటే తలుపు మూసుకోదు. పడవ కదలదు. వెనక పది పడవలు ఆగుతాయి. అందుకే పడవ తిరగాలంటే కాలువ తెరిపిగా ఉండాలి. తర్వాత రైళ్లు, లారీలు, బస్సులు వచ్చాయి. కాలువల మీద పడవలు తగ్గిపోయాయి. కాలువ వైపు చూసేవాళ్లు తగ్గారు. కాలువలో వేసేవాళ్లు పెరిగారు.

ఇప్పుడు మళ్లీ నీటి దారి మాట వినబడుతోంది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, వాటితో కలిసే గోదావరి, కృష్ణ భాగాలను 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. దీన్ని నాలుగో నంబరు జలమార్గం అంటారు. ఇందులో మొదటి భాగం ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లు. దీనికి 2017లో శంకుస్థాపన చేశారు. ముక్త్యాల ఎక్కడిది? మన జగ్గయ్యపేట మండలంలోదే. ముక్త్యాలకూ, అవతలి ఒడ్డున ఉన్న మాదిపాడుకూ మధ్య ఏళ్ల తరబడి బల్లకట్టు నడిచింది. పడవ సంగతి మనకు కొత్త కాదు.

ఒక పాత చీర ప్రయాణం

ఒక పాత చీర ఉందనుకుందాం. చినిగిపోయింది. ఇంట్లో పెట్టుకోవడం ఇష్టం లేదు. మూటగట్టి పాలేట్లో పడేశారు. ఎండాకాలం. ఏట్లో నీళ్లు లేవు. చీర ఇసుకలో పడి ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

వానలు వచ్చాయి. ఏరు పొంగింది. చీర కొట్టుకుపోయింది. కృష్ణలో పడింది. దారిలో ఒక తాడు ముక్క తగిలింది. నాలుగు ప్లాస్టిక్ సంచులు తగిలాయి. ఒక చెట్టు కొమ్మ తగిలింది. అన్నీ కలిసి ఒక ఉండ అయ్యాయి. ఆ ఉండ విజయవాడ చేరింది. నీళ్లతోపాటు కాలువలోకి పోయింది. ఒక వంతెన స్తంభానికి చుట్టుకుంది.

ఊళ్లోవాళ్లు ఇంకొంచెం వేశారు. పూజ చేసిన పూలు సంచితో సహా వేశారు. కొబ్బరి బోండాలు వేశారు. హోటలువాళ్లు ఎంగిలాకులు వేశారు. ఇల్లు పడగొట్టినవాళ్లు ఇటుక ముక్కలు పోశారు. తిలా పాపం తలా పిడికెడు. పిడికెడు పిడికెడు కలిసి గుట్ట అయింది.

అప్పుడు ఒక ఇంజను పడవ అటు వచ్చింది. పడవ వెనక నీళ్లలో రెక్కలు తిరుగుతుంటాయి. ఫ్యాను రెక్కల్లా ఉంటాయి. అవి తిరిగితేనే పడవ కదులుతుంది. చీర అంచు ఆ రెక్కలకు తగిలింది. దారం కండెకు చుట్టుకున్నట్టు ఐదున్నర గజాల చీర గిరగిరా చుట్టుకుంది. రెక్కలు బిగుసుకుపోయాయి. ఇంజను ఆగింది. ఇంజను లేని పడవ ఎటు పోతుంది? నీళ్లు ఎటు లాగితే అటు పోతుంది.

చూశారా? పాత చీర చిన్న వస్తువే. కానీ పదిమంది ప్రాణాలకు గండం తేగలదు.

కాలువలో ఏమేం అడ్డం పడతాయి?

కాలువలో అడ్డాలు నాలుగు రకాలు.

ఒకటి, తేలేవి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు, థర్మాకోల్ ముక్కలు, గుడ్డలు, తాళ్లు, తెగిన చేపల వలలు, కొమ్మలు. ఇవి కంటికి కనబడతాయి. వీటిలో గుడ్డ, తాడు, వల ఎక్కువ ప్రమాదం. ఇవి రెక్కలకు చుట్టుకుంటాయి.

రెండు, మునిగినవి. చెట్టు మొద్దులు, పాత టైర్లు, ఇనప చువ్వలు, సిమెంటు దిమ్మెలు, నిమజ్జనం చేసిన విగ్రహాల లోపలి కర్రలు. ఇవి కంటికి కనబడవు. పడవ అడుగు తగిలాకే తెలుస్తుంది. చువ్వ తగిలితే పడవకు చిల్లు పడుతుంది.

మూడు, పెరిగేవి. గుర్రపుడెక్క, తూటికాడ, నాచు, జమ్ము. వీటిని ఎవరూ తెచ్చి పడేయరు. అవే పెరుగుతాయి. మురుగు కలిస్తే ఇంకా బాగా పెరుగుతాయి.

నాలుగు, పైన ఉండేవి. ఎత్తు తక్కువ వంతెనలు, కాలువకు అడ్డంగా వేసిన పైపులు, వేలాడే కరెంటు తీగలు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పడవ ఎత్తు పెరుగుతుంది. నిన్న తగలని వంతెన ఇవాళ తలకు తగులుతుంది.

గుర్రపుడెక్క

ఆకు గుర్రపు డెక్కలా ఉంటుంది కాబట్టి దీనికి ఆ పేరు వచ్చింది. ఊదారంగు పూలు పూస్తుంది. చూడటానికి అందంగా ఉంటుంది. ఇది మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికా దీని పుట్టిల్లు. పూలు బాగున్నాయని పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్‌కు తెచ్చారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది.

వెచ్చని మురుగు నీళ్లలో ఇది సుమారు రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. లెక్క వేసి చూడండి. ఇవాళ ఒక చాపంత ఉంది. రెండు వారాలకు రెండు చాపలు. నెలకు నాలుగు. రెండు నెలలకు పదహారు. మూడు నెలలకు అరవై నాలుగు చాపలు. ఒక చాపంత ఉన్నప్పుడు ఇద్దరు ఆడవాళ్లు ఒక పూటలో తీసేస్తారు. అరవై నాలుగు చాపలైతే యంత్రం రావాలి. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరికే అనలేదు.

దీని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. అందుకని పూత రాకముందే తీయాలి. తీసింది గట్టు అంచున వేస్తే లాభం లేదు. వాన పడితే మళ్లీ కాలువలోకి జారుతుంది. దూరంగా తీసుకెళ్లి ఆరబెట్టాలి. ముక్కలు చేసి, పేడతో పొరలు పొరలుగా వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు అవుతుంది. బంగ్లాదేశ్‌లో రైతులు దీన్ని నీళ్ల మీదే మందంగా పేర్చి, ఆ తేలే మడి మీద కూరగాయలు పండిస్తారు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోట పెరిగిన గుర్రపుడెక్కను ఎరువుకు వాడకూడదు. ఆ నీళ్లలోని విషాన్ని అది పీల్చుకుంటుంది.

పడవ నడిపేవాళ్లు ఏం చేయాలి?

ముందుగా చేయాల్సింది అడగడం. పైనుంచి నీళ్లు వదులుతున్నారా? పులిచింతల నుంచి నీళ్లు వదిలితే కింద కృష్ణ పెరుగుతుంది. నీళ్లు పెరిగితే ఒడ్డున ఉన్న చెత్త అంతా కదిలి వస్తుంది. కాలువ సంగతి లస్కర్లకు బాగా తెలుస్తుంది. లస్కరు అంటే కాలువను, షట్టర్లను చూసుకునే ఉద్యోగి. ఎక్కడ పూడిక ఉంది, ఎక్కడ మొద్దు మునిగి ఉంది అని వాళ్లను అడగాలి.

పడవలో ఇవి ఉండాలి: పొడుగాటి గెడ, తెడ్లు, గట్టి తాడు, లంగరు, కొక్కెం ఉన్న కర్ర, పదునైన కత్తి, నీళ్లు తోడే చెంబు, మనిషికొక లైఫ్ జాకెట్. ఇంజను ఉన్నా తెడ్లు ఉండాల్సిందే. ఇంజను ఆగిపోతే దిక్కు అవే.

చెత్త కనబడితే వేగం తగ్గించాలి. ఒక మనిషి ముందు కూర్చుని చూడాలి. నీళ్ల మీద ఒకేచోట సుడి గానీ, ముడత గానీ కనబడితే దాని కింద ఏదో ఉన్నట్టే. గెడతో తడిమి చూడాలి. పైన కరెంటు తీగ ఉంటే గెడ ఎత్తకూడదు.

గుర్రపుడెక్క కాలువంతా పరుచుకుని ఉంటే ఇంజనుతో దూరిపోకూడదు. ఇంజను ఆపి గెడతో పోవాలి. లేదా వెనక్కి తిరగాలి. వెనక్కి తిరగడం పిరికితనం కాదు.

రెక్కలకు ఏదైనా చుట్టుకుంటే ఇలా చేయాలి:

1. వెంటనే ఇంజను పూర్తిగా ఆపాలి. తాళం తీసి జేబులో పెట్టుకోవాలి. ఎవరైనా పొరపాటున ఇంజను వేస్తే చెయ్యి తెగిపోతుంది.

2. లంగరు వేయాలి. లేదా గట్టుకు తాడు కట్టాలి. పడవ కొట్టుకుపోకుండా చూడాలి.

3. ఎక్కినవాళ్లను కదలకుండా కూర్చోమని చెప్పాలి. అందరూ వెనక్కి వచ్చి చూస్తే పడవ వెనక భాగం మునుగుతుంది.

4. ఇంజను పైకి లేపే వీలుంటే లేపాలి. కొక్కెంతో లాగాలి. రాకపోతే కత్తితో కొంచెం కొంచెం కోయాలి. నీళ్లలోకి దిగకూడదు. అడుగున గాజు పెంకులు, చువ్వలు ఉండొచ్చు.

5. తీసిన చెత్తను మళ్లీ కాలువలో వేయకూడదు. గోతంలో వేసి ఒడ్డుకు తేవాలి. లేకపోతే వెనక వచ్చే పడవకు అదే చుట్టుకుంటుంది.

ఇంగ్లండు దేశంలో ఊళ్ల మధ్య పాత కాలువలు చాలా ఉన్నాయి. వాటిలో సన్నని పొడుగాటి పడవలు తిరుగుతాయి. ఆ పడవల్లో రెక్కలకు సరిగ్గా పైన ఒక మూత పెడతారు. చెత్త చుట్టుకుంటే ఇంజను ఆపుతారు. మూత తీసి, పడవలోనుంచే చెత్త కోసి తీస్తారు. తర్వాత మూత గట్టిగా బిగిస్తారు. మూత బిగించడం మరిచిపోయి ఇంజను వేస్తే నీళ్లు లోపలికి వచ్చి పడవ మునిగిపోతుంది. ఏ దేశమైనా పద్ధతి ఒక్కటే. ముందు ఇంజను ఆపు, తర్వాత చెయ్యి పెట్టు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వంతెన దగ్గర

వంతెన స్తంభానికి చెత్త పేరుకుంటే అది టీ వడకట్టే జాలీ లాంటిది. టీ కిందికి పోతుంది. పొడి పైన నిలుస్తుంది. చెత్తలోనుంచి నీళ్లు పోతాయి. మనిషి పోలేడు. నీళ్లు మనిషిని చెత్తకు అదిమిపెడతాయి. ఈత వచ్చినా బయటపడటం కష్టం.

అందుకని స్తంభానికి ఎగువన చెత్త పేరుకుని ఉంటే అటు పోకూడదు. దూరం నుంచే తప్పుకోవాలి. షట్టర్ల దగ్గరికి, నీళ్లు కిందికి దూకే చోటికి అసలు పోకూడదు.

ఒకవేళ పడవ అడ్డంగా తిరిగి చెత్తకు తగిలిందనుకోండి. అప్పుడు మనకు తెలియకుండానే చెత్తకు దూరంగా వెనక్కి వాలతాం. అది తప్పు. అలా వాలితే ఎగువ వైపు పడవ అంచు మునుగుతుంది. నీళ్లు లోపలికి దూకుతాయి. పడవ తిరగబడుతుంది. చెత్త వైపే, స్తంభం వైపే వాలాలి. పట్టుకునేది దొరికితే గట్టిగా పట్టుకోవాలి.

పడవ ఎక్కేవాళ్లు ఏం చూడాలి?

చదువు రాని రోజుల్లో పడవవాడు ఎక్కమంటే ఎక్కేవాళ్లం. ఇప్పుడు మనకు చదవడం వచ్చు. పడవ ఎక్కే ముందు పడవను చదవాలి.

పడవ మీద నంబరు రాసి ఉందా? ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉందా? "20 మంది" అని రాసి ఉంటే తలకాయలు లెక్కపెట్టండి. ఇరవై ఒకటో మనిషి ఎక్కితే మీరు దిగండి. లైఫ్ జాకెట్ ఇవ్వమని అడగండి. ఒళ్లో పెట్టుకుంటే చాలదు. తొడుక్కుని పట్టీలు బిగించుకోవాలి. పిల్లలకు పిల్లల జాకెట్ అడగండి. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా దోపుకోండి. పడవ అడుగున నీళ్లు ఊరుతున్నాయేమో చూడండి.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర ఫెర్రీలో ఒక పడవ తిరగబడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. ఆ ఊరు మనకు దూరం కాదు. విజయవాడ పోయే దారిలోనే ఉంది. "మాకు జాకెట్ ఇవ్వందే పడవ కదలనివ్వం" అని పదిమంది ఆడవాళ్లు కలిసి అంటే ఎవరు కాదంటారు?

2024లో ఏం జరిగింది?

2024 ఆగస్టు 31న, సెప్టెంబరు 1న పెద్ద వానలు పడ్డాయి. కృష్ణకు చాలా పెద్ద వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు పారాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు. అంటే సుమారు 28 లీటర్లు. రెండు బిందెలు అనుకోండి. కన్ను మూసి తెరిచేలోగా అలాంటి బిందెలు ఇరవై రెండు లక్షలకు పైగా దొర్లిపోతున్నాయన్నమాట.

ఆ వరదలో ఎగువ నుంచి పెద్ద పడవలు కొట్టుకొచ్చాయి. సెప్టెంబరు 1 తెల్లవారుజామున బ్యారేజీకి గుద్దుకున్నాయి. గేట్లు పైకి లేవడానికి సాయపడే బరువు దిమ్మెలు దెబ్బతిన్నాయి. పడవలు గేట్ల దగ్గర ఇరుక్కుపోయాయి. దిమ్మెలు కొన్ని రోజుల్లో మార్చారు. పడవలు తీయడం మాత్రం అంత తేలిక కాలేదు. క్రేన్లతో లాగారు, కదల్లేదు. నీళ్లలో మునిగి ఇనుము కోసే మనుషులను దించారు. చివరికి వేరే పడవలకు ఇనప దూలాలు కట్టి, వాటి సాయంతో లాగారు. రెండు వారాలు దాటింది. దారిలో తిరగాల్సిన పడవే దారికి అడ్డం అయింది. గట్టిగా కట్టని పడవ కూడా వరదలో చెత్తతో సమానమే.

అదే సమయంలో బుడమేరు పొంగింది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ పక్కగా పోయి కొల్లేరులో కలిసే వాగు. దాని కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ మునిగింది. ఇంకా ఎన్నో పేటలు మునిగాయి. వీధుల్లో పడవలు తిరిగాయి. బియ్యం, పాలు, నీళ్ల సీసాలు పడవల మీద అందించారు. బుడమేరు దారి పొడుగునా పూడిక పేరుకుంది. పిచ్చిమొక్కలు పెరిగాయి. ఆక్రమణలు వచ్చాయి. నీటి దారి ఇరుకైంది. దారి ఇరుకైతే నీళ్లు ఇంటి దారి పడతాయి.

వీధిలో పడవ నడపడం కాలువలో నడపడం కంటే కష్టం. నీళ్ల కింద స్కూటర్లు ఉంటాయి. ఇనప గేట్లు, ప్రహరీ గోడలు ఉంటాయి. మూతలేని మురుగు కాలువలు ఉంటాయి. కరెంటు తీగలు తెగి పడి ఉంటాయి. వరద నీళ్లలో పడవ వస్తే ఎదురు పరుగెత్తకూడదు. మేడ మీదో, గట్టు మీదో నిలబడి పిలవాలి. ఒకరి తర్వాత ఒకరు ఎక్కాలి. మధ్యలో కూర్చోవాలి. ముందు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు.

మన పక్కకే వద్దాం. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ రోడ్డు మీదికి వచ్చింది. బస్సులు, లారీలు ఆగిపోయాయి. కాబట్టి ఇది ఒక్క విజయవాడ సంగతే కాదు.

మురుగు నీళ్లు తగిలితే

ఊరి కాలువ నీళ్లలో మురుగు కలుస్తుంది. ఎలుకల మూత్రం కలుస్తుంది. దాని వల్ల ఎలుక జ్వరం వస్తుంది. చెయ్యి గానీ కాలు గానీ తెగితే వెంటనే మంచి నీళ్లతో, సబ్బుతో కడగాలి. ఆసుపత్రికి పోయి ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ చేయించుకోవాలి. జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనబడితే డాక్టరుకు "కాలువ నీళ్లలో దిగాం" అని చెప్పాలి. ఆ ఒక్క మాట వైద్యానికి చాలా సాయం చేస్తుంది. చెత్త తీసేటప్పుడు చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండాలి. గుర్రపుడెక్కలో పాములు ఉంటాయి. ముందు కర్రతో కదిలించి చూడాలి.

చెత్తను ఎవరు తీయాలి?

"మనం వేస్తాం, గవర్నమెంటు తీస్తుంది" అని కొందరు అనుకుంటారు. "గవర్నమెంటు తీయదు, మనమెందుకు తీయాలి" అని ఇంకొందరు అంటారు. రెండూ పొరపాటే.

పెద్ద పని అధికారులది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు అడుగు బయటపడుద్ది. పూడిక తీయడానికి, చువ్వలు, మొద్దులు తీయడానికి అదే అదను. ఆ పని కాలువల శాఖ చేయాలి. ఊళ్లో చెత్త బండి తిప్పడం పంచాయతీ పని, మున్సిపాలిటీ పని. వంతెనల మీద వల కంచె కట్టించడం కూడా వాళ్ల పనే. చెత్త బండి రాకపోతే జనం ఏం చేస్తారు? కాలువ వైపే చూస్తారు. కాబట్టి తప్పు ఇంటి ఆడవాళ్లదే అని అనడం న్యాయం కాదు. బండి రావాలని అడగడం మన హక్కు.

మన చేతిలో ఉన్న పని కూడా ఉంది. పాత చీరలు బొంతకు వాడొచ్చు. గుడ్డపేలికలు తుడవడానికి వాడొచ్చు. పూజ పూలు చెట్టు మొదట్లో వేయొచ్చు. నదికి చీర, సారె పెట్టాలనుకుంటే నీళ్లకు చూపించి, లేనివాళ్లకు ఇవ్వొచ్చు. నదీమతల్లికి కోపం రాదు. విగ్రహం మట్టితో చేసిందే కొనొచ్చు. సంతకు గుడ్డ సంచి తీసుకుపోవచ్చు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతా నిషేధించారు. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు అందులో ఉన్నాయి.

అర్జీ ఇలా రాయొచ్చు

నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది. కాగితం మీద రాసిన మాట ఆఫీసులో నిలుస్తుంది. మీ పొదుపు సంఘం తరఫున ఇలా రాయండి:

గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి,

అయ్యా,

మా ఊరి పేరు ............ . మా ఊరి వాగు మీద ఉన్న వంతెన స్తంభాలకు చెత్త, చెట్టు కొమ్మలు చుట్టుకుని ఉన్నాయి. నీళ్లు పోవడం లేదు. వానలు వస్తే మా ఇళ్లలోకి నీళ్లు వస్తాయి. వానాకాలం రాకముందే వీటిని తీయించాలని కోరుతున్నాం. మా వీధికి చెత్త బండి వారానికి ............ సార్లు పంపించాలని కోరుతున్నాం.

ఇట్లు,
............ మహిళా పొదుపు సంఘం సభ్యులు
తేదీ ............ సంతకాలు ............

రెండు కాగితాలు రాయండి. ఒకటి ఇవ్వండి. రెండో దాని మీద "ముట్టింది" అని సంతకం, తేదీ, ముద్ర వేయించుకుని దాచుకోండి. నెల రోజుల్లో పని కాకపోతే ఆ కాగితం పట్టుకుని మండల ఆఫీసుకు వెళ్లండి. వేలిముద్రలు వద్దు. అందరూ సంతకాలే పెట్టండి.

ఆపద వస్తే 112కు ఫోన్ చేయండి. అంబులెన్సు కావాలంటే 108. కరెంటు తీగ తెగితే 1912.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరి వాగు ఏ ఏట్లో కలుస్తుంది? ఆ ఏరు ఎక్కడికి పోతుంది?

2. మీ ఊరి వంతెన కింద ఏమేం అడ్డం పడి ఉన్నాయి? వెళ్లి చూసి, ఒక జాబితా రాయండి.

3. ఒక చాపంత గుర్రపుడెక్క రెండు వారాలకు రెట్టింపు అయితే నాలుగు నెలలకు ఎన్ని చాపలు అవుతుంది? లెక్క వేయండి.

4. పడవ ఎక్కే ముందు మీరు చదవాల్సినవి ఏవి?

5. మీ సంఘం తరఫున ఈ నెలలో ఇవ్వాల్సిన అర్జీ ఏది? ఎవరు రాస్తారు? ఎవరు తీసుకువెళ్తారు?